మైలుతుత్తం కలిపిన సున్నం

మొన్న ప్రొద్దుటూరులో ఒక అంగడి ముందు సంచిలో మైలుతుత్తం గడ్డలు కనిపించాయి. నెమలి మెడలాంటి ఆ రంగు చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. మన చిన్నప్పుడు గోడలకు కొట్టే సున్నంలో అది కలిపేవాళ్లు, గుర్తుందా? తడి ఆరేకొద్దీ గోడ నీలంగా తేలేది. ఇల్లంతా సున్నం వాసన.

మాది ఎర్రగుంట్ల దారిలో పల్లె. ఒకరోజు నాయన గొర్రెల వెంట పోయాడు. అమ్మ సున్నం కొడుతుంటే, మూడేళ్ల మా చెల్లెలు కలకండ అనుకుని ఒక గడ్డ నోట్లో వేసుకుంది. కాసేపటికే నీలంగా వాంతులు. అమ్మ దాన్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది, వెనకాలే నేను. ఎదురుగా వస్తున్న సిమెంటు లారీకి అడ్డంగా నిలబడింది.

"సస్తావా ఏందమ్మా, పక్కకు జరుగు" అన్నాడు డ్రైవరు.

"బిడ్డ మైలుతుత్తం మింగిండాదప్పా. పొద్దుటూరు ఆస్పత్రి కాడ దింపు, నీ కాళ్లు మొక్కుతా."

ఆస్పత్రిలో కడుపు కడిగారు. అయినా మరునాటికి చెల్లెలి మొహం ఉబ్బింది, ఒంటికి పోవడం ఆగిపోయింది. "మూత్రం వస్తే బతుకుతుంది. లేకుంటే మా చేతుల్లో లేదు" అన్నాడు డాక్టరు.

అమ్మ అన్నం ముట్టలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, "పోసుకో తల్లీ, నా మీదనే పోసుకో" అని బతిమాలుతూ కూర్చుంది. నాయన వచ్చి ఇద్దరినీ చూసి, మంచం పక్కన కూలబడ్డాడు.

తెల్లవారాక అమ్మ ఉలిక్కిపడి చీర తడిమి చూసుకుంది. తడిసి ఉంది.

"పోసిండాదయ్యా, నా బిడ్డ పోసిండాది" అంటూ వార్డులో ఉన్నవాళ్లందరికీ ఆ చీర చూపించి ఏడ్చింది.