పేరు లేని ఇనుము

చంద్రగిరి బడిలో మాకు చరిత్ర చెప్పిన అయివారు, చెడిపోయిన రేడియో స్పీకర్లోని అయస్కాంతాన్ని చేతికర్ర కొసకు కట్టుకుని తిరిగేవాడు. వాన వెలిసిందంటే చాలు, కోట కింద దున్నిన చేలల్లో కనబడేవాడు. బంగారం దానికి అంటుకోదని ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. ఆయనకు దొరికేవి గుర్రపు లాడాలు, బాణం ములుకులు, తుప్పు మేకులు. దేన్నయినా తువ్వాలతో తుడిచి, ఎండకు తిప్పి చూసి, ఇది ఫలానాదని చెప్పేవాడు. ఆ వెంటనే విసుక్కునేవాడు.

"రాజుల పేర్లన్నీ రాళ్ల మీద ఉండాయి. దీన్ని వాడినోడు ఒక్క పేరన్నా గీకిపెట్టుకోకూడదా అప్పా?"

నేను జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన ఒక రోజు స్వర్ణముఖికి వరదొచ్చింది. ఏటికి అవతల బడికి పోయిన మా అక్క తిరిగి రాలేదు. ఏరు దాటలేక పాకాలలో అత్త ఇంటికి పోయుంటాదని నాయన గట్టిగా నమ్మినాడు. బస్సులు ఆగిపోయినాయి, కబురు తెలిసే దారి లేదు.

నీళ్లు తీసినాక అయివారు తనంతట తానే కర్ర పట్టుకొచ్చి ఇసకలో వెదికినాడు. రెండో రోజు కర్రకు ఒక రేకు కాంపాస్ పెట్టె అంటుకుని వచ్చింది. ఎప్పటిలాగే తువ్వాలతో తుడిచినాడు. తుడుస్తా తుడుస్తా ఆగి, మూత మీద అరచెయ్యి పెట్టినాడు.

"అట్లాంటివి బడిపిల్లోళ్లందరి దగ్గరా ఉంటాయి గదా అయివారూ," అన్నాడు నాయన. "పేరేమన్నా ఉండాదా?"

"ఉండాదప్పా," అన్నాడు అయివారు.

చెయ్యి మాత్రం తియ్యలేదు.