మావయ్య బతికొచ్చిన సినిమా

మావయ్య పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు పోర్టు రోడ్డులో టీ తాగుతున్నాను. "బావా, నాన్న పోనాడు. పొద్దున్న పాలపేకెట్టు తెచ్చి కుర్చీలో కూకున్నాడు. అంతే," అంది. వస్తున్నానని చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన టీ తాగాను. లారీలు వరసగా వెళ్తుంటే రోడ్డు దాటడానికి ఆగాను. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మా నాన్న లేని లోటు తెలియకుండా నన్ను పెంచిన మనిషి. అయినా నాకు ఏమీ అనిపించలేదు. ఇవాళ రాస్తున్నప్పుడూ పెద్దగా ఏమీ అనిపించడం లేదు.

గాజువాకలో వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. మెడలో దండ ఉంది. అమ్మ గుండెలు బాదుకుంటోంది. నేను మాత్రం ఆయన పొట్ట వైపే చూస్తూ నిలబడ్డాను, కదులుతుందేమోనని. నాకు మతి పోయిందనుకోకండి. మావయ్య చనిపోవడం అంతకుముందే ఒకసారి చూశాను. థియేటర్లో చూశాను. ఈల కూడా వేశాను.

మావయ్య సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాక ఒక గోడౌనుకు సెక్యూరిటీగా కుదిరాడు. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఒక మిలటరీ సినిమా తీశారు. వైజాగ్‌లో షూటింగులకేం కొదవ, బీచిరోడ్డులో తిరిగే ప్రతివాడూ ఏదో ఒక పాటలో హీరో వెనకాల నడిచినవాడే. ఆ సినిమావాళ్లకు జూనియర్ ఆర్టిస్టుల చేత సరిగ్గా సెల్యూట్ కొట్టించే మనిషి కావలసివచ్చింది. మావయ్య సెలవు పెట్టి వెళ్లాడు. డైరెక్టర్ ఆయన మీసం చూసి ముచ్చటపడి వేషం కూడా ఇచ్చాడు. శవం వేషం.

కథ ఇదీ. కంటోన్మెంటులో ఒక హవల్దారు చనిపోతాడు. ఎవరు చంపారో కనిపెట్టడానికి ఒక ఆఫీసరు వస్తాడు. ఇంటర్వెల్ దాకా ఒక సీనులో ఒకడి మీద అనుమానం, తర్వాతి సీనులో వాడు మంచివాడని తేలడం. అసలు మలుపు సెకండాఫ్‌లో ఉంది. హవల్దారు చావనేలేదు. రహస్యాలు అమ్ముకుంటున్న దొంగను బయటికి లాగడానికి ఆడిన నాటకం అది. ఈ సంగతి ఎక్కడా చెప్పకూడదని డైరెక్టర్ మాట తీసుకున్నాడు. మావయ్య దాన్ని పై ఆఫీసరు ఇచ్చిన ఆర్డరులాగే పాటించాడు. అత్తకు కూడా చెప్పలేదు. "ఏటి వేషం?" అని ఆవిడ అడిగితే, "మిలట్రీ వేషమే. బొమ్మ వచ్చాక సూద్దువుగాని," అని తప్పించుకునేవాడు.

శవంగా పడుకోవడం అంత తేలికేం కాదట. "నాను బాగానే బిగబట్టుకుంటానొరే అల్లుడూ. ఆడు యాక్షన్ అనీసరికి పొట్ట దానంతటదే లెగుత్తాది. అసిస్టెంటోడు ఒకటే అరుపు, సార్, శవం ఊపిరి తీసేత్తంది అని!" ఎన్నిసార్లు చెప్పినా చెప్పిన ప్రతిసారీ ఆయనకే ముందు నవ్వొచ్చేది. షాట్ అయ్యాక ఆయన్ని లేపి, కెమెరా వైపు చూసి నవ్వమన్నారు. చచ్చినట్టు నటించినవాడు లేచి నవ్వితే కీడు పోతుందని వాళ్ల నమ్మకం. గుమ్మడికాయతో దిష్టి కూడా తీశారు. "పళ్లన్నీ కనపడేలాగ నవ్వీసాను. ఇంక నాకేటి కాదు," అనేవాడు మావయ్య.

సినిమా విడుదలైన రోజు మమ్మల్నందరినీ మార్నింగ్ షోకి తీసుకెళ్లాడు. అత్త కొత్త చీర కట్టుకుంది. బొమ్మ పడిందో లేదో, తెర మీద జెండా కప్పిన పెట్టె, పక్కన దండ వేసిన మావయ్య ఫోటో. పెళ్లాంగా వేసినావిడ గాజులు పగలగొట్టుకుని ఒకటే ఏడుపు. నేను ఈల వేశాను. మావయ్య చీకట్లో మీసం తిప్పాడు. అత్త లేచి, ఎవరి కాళ్లు తొక్కుతోందో కూడా చూసుకోకుండా బయటికి వెళ్లిపోయింది.

మేమిద్దరం వెనకాలే పరిగెత్తాం. గేటు దగ్గర మ్యాట్నీ టికెట్ల కోసం జనం నిలబడి ఉన్నారు. అత్త గిర్రున వెనక్కి తిరిగింది. "పక్కన కూకోబెట్టుకుని నీ ఫోటోకి దండ సూపిత్తావా నాకు? బుద్ధుందా నీకు?" అంది. మావయ్య ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, అన్నాళ్లూ దాచిన రహస్యాన్ని గొంతెత్తి అరిచేశాడు. "ఒసే, నాను సావలేదే! సెకండాఫ్‌లో బతికొత్తానే! ఆ మేజరుగోడే దొంగ!"

క్యూ మొత్తం ఆయన మీద పడింది. "ఓరి బాబూ, సినిమా అంతా సెప్పీసావు కదయ్యా! ఇంక మేం సూసీదేటి?" అని ఒకాయన నెత్తి కొట్టుకున్నాడు. ఆర్డరు మీరినందుకు మావయ్య మొహం చిన్నబోయింది. అత్త ఇవేవీ పట్టించుకోకుండా ఆటో ఎక్కేసింది. ఆయనా ఎక్కాడు. తను బతికొచ్చే సీను మావయ్య ఆ రోజు చూడనేలేదు.

తర్వాత నాతో కలిసి చాలాసార్లు చూశాడు. అత్త చూడలేదు. టీవీలో వస్తే చానల్ మార్చేసేది. ఆయనకు జలుబు చేసినా ఆ సినిమాదే తప్పు. దోషం పోవాలని సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటే మావయ్య బుద్ధిగా కొండ మెట్లన్నీ ఎక్కాడు. దిగుతున్నప్పుడు అత్త వెనకబడింది. అప్పుడు నాతో అన్నాడు. "మీ అత్త ఒక్కపాలి సెకండాఫ్ సూత్తే సాలురా. నాను సచ్చినకాడికి సూసీసి ఎల్లిపోనాది. ఆవిడ లెక్కలో నానింకా లెగలేదు." నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయనకు ఆ బాధ నిజంగానే ఉండేది.

ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆయన దగ్గర ఒకటే మాట. "ఇంటర్వెల్ కూడా అవ్వలేదింకా, ఏటా కంగారు?" స్టీల్‌ప్లాంటులో నా కాంట్రాక్టు పని పోయి నేను మంచం దిగకుండా ఉన్నప్పుడు వచ్చి, ఆ మాటే అని, అద్దం ముందు కూర్చోబెట్టాడు. "గెడ్డం గీసుకో. ఆ మొహానికి ఎవుడిత్తాడ్రా పని?" గీసుకునేదాకా కదల్లేదు. తర్వాత నన్ను తన స్కూటర్ మీద పోర్టు ఆఫీసులన్నీ తిప్పాడు. ఇవాళ నేను తింటున్న తిండి ఆ స్కూటర్ పెట్టినదే. ఇంటికొచ్చినవాళ్లు గుమ్మంలో విడిచిన చెప్పులన్నీ వాళ్లకు తెలియకుండా వరసగా సర్దేవాడు, వెళ్లేటప్పుడు తేలిగ్గా తొడుక్కునేలా. ఆయన పోయిన రోజు ఆ వాకిట్లో చెప్పులు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. ఎవరివి ఏవో వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం అత్త నన్ను పిలిచింది.

"అల్లుడూ, నీ ఫోన్లో ఆ సినిమా ఉంటాదా?"

ఉంటుందన్నాను.

"ఆ రెండో ముక్క ఎయ్యి."

ఇంటర్వెల్ తర్వాత నుంచి పెట్టి ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని చూసింది. ఆఫీసరు ప్రశ్నలు, మేజరు బుకాయింపులు, పేలుళ్లు, ఏవీ ఆవిడకు పట్టలేదు. "మీ మావ ఎప్పుడొత్తాడు?" అని మాత్రం అడుగుతోంది.

"వస్తాడత్తా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి చాలా మామూలుగా వచ్చింది.

వచ్చాడు. వానలో తడిసి ముద్దయి, గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పెళ్లాం వేషం వేసినావిడ కెవ్వున అరిచి కిందపడిపోయింది.

"ఆపు," అంది అత్త. ఆపాను. మావయ్య ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఆవిడేటి, అలాగ అరిసీసింది?" అంది అత్త. "నానైతే అరవను. తల తుడుసుకోమని తువ్వాలిత్తాను."

ఇప్పుడైనా నాకు ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. మిగతాది వెయ్యనా అంటే అక్కర్లేదన్నట్టు తల ఊపింది. ఫోను తెర మసకబారినప్పుడల్లా వేలితో ఒకసారి తాకేది. మళ్లీ వెలుగొచ్చేది. మావయ్య గుమ్మంలోనే ఉండేవాడు.