బ్రేకు పడలేదని చెప్పాను

నా దగ్గర ఒక పిన్ను ఉంది. తలలో పెట్టుకునే పిన్నులా రెండు కాళ్ళుండే చిన్న ఇనుప తీగ. మెకానిక్కులు స్ప్లిట్ పిన్ను అంటారు. తూకం వేస్తే ముల్లు కూడా కదలదు. ఐదేళ్ళుగా దాన్ని మోస్తున్నాను, ఇక నా వల్ల కావడం లేదు.

పారెయ్యొచ్చు కదా అంటారేమో. హిమాయత్ సాగర్ కట్ట మీద నిలబడి రెండుసార్లు చెయ్యెత్తాను. రెండుసార్లూ మళ్ళీ జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. పారేసే ధైర్యం లేదు, ఎవరికైనా చూపించే ధైర్యం అంతకన్నా లేదు. ఇలాంటి మనిషితో కాపురం చెయ్యడం ఎంత విసుగో మీకు తెలియదు. నాతో నేను రోజంతా చేస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. ఇందులో నర్సింలు అని రాయబోయే మనిషి అసలు పేరు కూడా అది కాదు.

బండి మా మామగారిది, పాత మోటారు సైకిలు. మా ఆవిడ పుట్టకముందు కొన్నది. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో నాకు అక్కడ సరుకుల గోదాము ఆఫీసులో ఉద్యోగం దొరికితే తెనాలి నుంచి వచ్చేశాం. కొన్నాళ్ళకి బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన మామగారూ మా దగ్గరికే వచ్చారు. ఆయన బస్సులో వచ్చారు. బండి మాత్రం లారీలో, రెండు దుప్పట్లు కప్పుకుని వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగగానే మెత్తటి పాత పంచె గుడ్డతో దాన్ని తుడిచేవారు. మెరూన్ రంగు ట్యాంకు మీద ఒక్క గీత ఉండేది కాదు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. అల్లుడికి కూతుర్నిచ్చిన మనిషి బండి తాళం ఇవ్వకపోవడం ఏమిటని నాకు లోపల తిక్కగా ఉండేది.

చివరికి ఒక ఆదివారం పొద్దున ఇచ్చారు. అంతకు ముందు రోజే పాత రోడ్డు మీద రేకుల షెడ్డులో నర్సింలు దానికి సర్వీసు చేశాడు. నర్సింలు అప్పటికి నలభై దాటిన మనిషి. పక్క ఊరివాడే. పాత బండ్లంటే అతని దగ్గరికే తీసుకెళ్ళమనేవారు అందరూ. చెవి పెట్టి వింటే చాలు, ఇంజనులో ఏ ముక్క అరుగుతోందో చెప్పేవాడు.

ఇక ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పాలి. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరినో తప్పించబోయి పడలేదు. లారీ గుద్దలేదు. విమానం చూస్తూ పడ్డాను.

ఆ రోజుల్లో నగరం నుంచి జనం పులిహోర కట్టుకుని మరీ విమానాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. రోడ్డు పక్కన వరసగా నిలబడి, తలలు పైకెత్తి, నోళ్ళు తెరుచుకుని. వాళ్ళని చూసి నేను నవ్వుకునేవాణ్ణి. రోజూ విమానాల కింద పనిచేసేవాడికి అదేం వింత? మరి ఆ రోజు నేనెందుకు చూశాను? పెద్ద సరుకుల విమానం ఒకటి చాలా కిందుగా, నా నెత్తి మీదుగా దిగుతోంది. చేతిలో మామగారి బండి, ఎదురుగా ఖాళీ రోడ్డు, మొహానికి చల్లటి గాలి. మహారాజులా తల ఎత్తాను. తల దించేసరికి మలుపులో కంకర కుప్ప. బ్రేకు తొక్కనే లేదు. తొక్కాలని గుర్తొచ్చేలోపే ఎడమవైపు పడి, బండితో పాటు జారుకుంటూ వెళ్ళి రోడ్డు మధ్య దిమ్మని గుద్దుకున్నాను.

ఎడమ మణికట్టు విరిగింది. బండికి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు వంగిపోయాయి, హెడ్‌లైటు పగిలింది, ట్యాంకు ఎడమవైపు అణిగిపోయింది. ఆసుపత్రికి మామగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. నన్ను చూశారు, కట్టు చూశారు, "ఎలా జరిగింది?" అన్నారు. నేను నోరు తెరిచాను.

"బ్రేకు పడలేదండీ. నిన్ననే కదా సర్వీసు చేశాడు."

అంతే. ఆలోచించి చెప్పలేదు. నోటికి ముందు అదే వచ్చింది. అక్కడితో ఆగితే నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. భయంలో అన్న మాట అని సర్ది చెప్పుకునేవాణ్ణి. కానీ ఆగలేదు. అసలు తప్పు వారం తర్వాత చేశాను.

మామగారు నెమ్మదస్తులని పేరు. ఆ సాయంత్రమే నర్సింలు షెడ్డుకి వెళ్ళి నలుగురి ముందూ దులిపేశారు. మా అల్లుడు చచ్చిపోయి ఉంటే ఎవరు సమాధానం చెప్పేవాళ్ళని అడిగారట. నర్సింలు ఎదురు చెప్పలేదట. బండి నా దగ్గరికి పంపండి సారూ, మీ అల్లుడి ముందే చూస్తాను, పిన్ను ఉంటే నా తప్పు కాదు, లేకుంటే నాదే తప్పు అన్నాడట.

ఆ పిన్ను సంగతి మీకు చెప్పాలి. వెనక బ్రేకు ఒక ఇనుప కడ్డీ మీద ఆధారపడుతుంది. కడ్డీ కొస కుడివైపు పెడలుకున్న రంధ్రంలో దూరుతుంది. అది ఊడిపోకుండా ఈ పిన్ను గుచ్చి, దాని రెండు కాళ్ళూ చెరో పక్కకి వంచుతారు. పిన్ను లేకపోతే కడ్డీ ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. పెడలు తొక్కినా బ్రేకు పడదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని వెళ్ళాను. షెడ్డులో బండి స్టాండు మీద ఉంది. ఇంకా ముట్టుకోలేదు నర్సింలు. నేను వచ్చేదాకా చూడనని ఒట్టు పెట్టుకున్నాడట. నాకు అక్కడే చిర్రెత్తుకొచ్చింది. చూసుకుని ఉండొచ్చు కదా! పిన్ను ఉందని ఊరంతా చాటి ఉండొచ్చు కదా! నేను ఇంకేదో నసిగి తప్పించుకునేవాణ్ణి.

"జర కూసో అన్నా, రెండు మెతుకులు తిని వస్త. నీ ముందే చూద్దాం," అన్నాడు.

నన్నూ బండినీ వదిలేసి వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళాడు. ఎవరైనా అలా వదిలేసి వెళ్తారా? నన్ను అనుమానించాలని కూడా తోచలేదు ఆయనకి.

వంగి చూశాను. పిన్ను ఉంది.

గోడకి వేలాడుతున్న ముక్కు పట్టకారు తీసుకున్నాను. ఎంత గట్టిగా వంచాడో ఆ కాళ్ళు! ఉన్నది ఒక్క చెయ్యి. పట్టకారు రెండుసార్లు జారింది. చెమటలు పట్టాయి. ఇంత బాగా ఎందుకు పెట్టావయ్యా అని నర్సింలుని లోలోపల తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఒక్కో కాలూ నిటారు చేసి, లాగి, జేబులో వేసుకున్నాను. కడ్డీ కొస రంధ్రంలోంచి బయటికి లాగి వదిలేశాను. పట్టకారు మళ్ళీ మేకుకి తగిలించి స్టూలు మీద కూర్చున్నాను. ఆ పట్టకారు సరిగ్గా తగిలించాలని కూడా తోచింది నాకు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నర్సింలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. కింద కూర్చున్నాడు. ఊడి ఉన్న కడ్డీ కొసని వేలితో తడిమాడు.

"పిన్ను లేదన్నా," అన్నాడు.

"పడ్డప్పుడు ఊడిందేమో," అన్నాను. ఎందుకన్నానో మరి. దయ చూపిద్దామనా?

"యాడ ఊడతది? బండి ఎడమదిక్కు పడ్డది. ఇటు గీత గూడ లేదు. పెట్టిన అనే అనుకున్న అన్నా. ఈ చేతులతోనే వంచినట్టు యాది ఉన్నది. మరి పిన్ను లేదు. నా మతి ఏడవోయిందో."

తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. నాకు కనబడినది నిజమా, ఈ చేతులకి గుర్తున్నది నిజమా అని అడుగుతున్నట్టు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. పిన్ను నా జేబులో, తొడకి గుచ్చుకుంటోంది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన ఆ బండిని మళ్ళీ కట్టాడు. మజూరీ ముట్టనన్నాడు. వంగిన ఫోర్కులు మోసుకుని జల్‌పల్లి దాకా పోయి లేతు మిషను మీద సరిచేయించాడు. దొరకని హెడ్‌లైటు గిన్నె కోసం పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. నేనేం చేశానో తెలుసా? సిగ్గుతో నోరు మూసుకున్నాననుకుంటున్నారా? లేదు. ఎలాగూ బండి విప్పాడు కదా అని నా ముచ్చట్లు మొదలుపెట్టాను. హ్యాండిలు కిందికి దించమన్నాను. దించాక నడుం నొప్పని పైకి ఎత్తమన్నాను. మళ్ళీ దించమన్నాను. వెనక సీటు తీసేసి ఒంటి సీటు పెట్టమన్నాను, ట్యాంకు నల్లగా చెయ్యమన్నాను. మామగారు విని మండిపడ్డారు. మెరూన్ రంగు మారితే బండి గుమ్మంలోకి రానివ్వనన్నారు. నర్సింలు ఇద్దరికీ తల ఊపాడు. "ఏంది అన్నా గిట్ల పరేషాన్ చేస్తవ్," అని ఒక్కసారైనా తిడితే బాగుండుననిపించేది. మంచితనంతో చంపుతున్నాడని ఒళ్ళు మండేది. ఆయన విసుక్కుంటే నా తప్పు కొంచెం తగ్గేదేమో, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

చివరికి బండి అటు పాతదీ కాలేదు, ఇటు కొత్తదీ కాలేదు. మెరూన్ ట్యాంకు, వంగిన హ్యాండిలు, ఒంటి సీటు. మామగారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నాకు కూర్చోడానికి చోటేదీ?" అని తాళం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ గుడ్డ పట్టుకోలేదు.

ఆ బండి ప్రతి నట్టు మీదా ఒక ఎర్ర చుక్క ఉండేది. నర్సింలు తన భార్య గోళ్ళరంగు సీసా షెడ్డుకి తెచ్చుకున్నాడు. ఒక నట్టు బిగించడం, చుక్క పెట్టడం. చుక్క ఉంటే బిగించినట్టు, తన మతిని నమ్మక్కర్లేదు. బ్రేకు పిన్ను దగ్గర రెండు చుక్కలు పెట్టాడు. మా బండితో మొదలుపెట్టి అందరి బండ్లకీ అదే పని. జనం ఎగతాళి చేశారు, బండ్లకి పేరంటమా అని. ఆయన నవ్వేవాడు. కానీ చుక్క పెట్టాక కూడా నమ్మకం కుదిరేది కాదు. బండి కిక్కు కొట్టి బయల్దేరుతుంటే "ఆగు ఆగు" అని వెనక నుంచి పరుగెత్తుకొచ్చి మళ్ళీ కూర్చుని చూసేవాడు. గంట పని ఒక పూట పట్టేది. ఎవరు ఆగుతారు? మామగారి మాట కొంత, ఈ ఆలస్యం కొంత, ఒక్కొక్కరే వేరే షెడ్లకి పోయారు. పోయినేడు షెడ్డు మూసేసి రేకులు విప్పేశాడు.

మామగారు ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెబుతారు, పిన్ను పెట్టడం మరిచిపోయిన మెకానిక్కు కథ. చెబుతూ నా మణికట్టు ఎత్తి చూపిస్తారు. నేను టీ తాగుతూ తల ఊపుతాను. ఐదేళ్ళు ఊపాను.

పోయిన నెల విమానాశ్రయం దగ్గర బండ్లు నిలిపే చోటుకి వెళ్ళాను. చీటీలిచ్చే మనిషి నా మొహం చూడలేదు, నాకు హెల్మెట్ ఉంది. బండిని చూశాడు. చీటీల కట్ట చంకలో పెట్టుకుని అక్కడే గొంతుక్కూర్చుని, బ్రేకు పిన్ను వేలితో తడిమాడు. అప్పుడు గుర్తుపట్టాను. జుట్టు సగం నెరిసింది.

"చుక్కల రంగు పోయింది అన్నా," అన్నాడు నేనెవరో తెలిసి నవ్వుతూ. "జర ఎవరికన్నా చూపియ్యి. ఇగ నేను ముట్టుతలేను."

చెప్పేద్దామని హెల్మెట్ తీశాను. వెనక ఎవడో హారన్ కొట్టాడు. హారన్ కొట్టినందుకు వాడి మీద కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, కోపం కంటే ముందు హమ్మయ్య అనిపించింది. చీటీ తీసుకుని ముందుకి వెళ్ళిపోయాను.

రేపు ఆయన దగ్గరికి వెళ్తానా? తెలియదు. వెళ్తానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. ఆయన షెడ్డు నేను తిరిగి కట్టలేను. ఆ చేతుల మీద ఆయనకి నమ్మకం తెచ్చే మాట నా దగ్గర ఒక్కటే ఉంది, అది ఆయనకి చెప్పకుండా మీకు చెబుతున్నాను, అదీ పేరు దాచుకుని. అయినా ఎక్కడో ఒకచోట, నా చేతి రాతలో, అది ఉండాలి.

పిన్ను ఉంది. నర్సింలు పెట్టాడు. రెండు కాళ్ళూ గట్టిగా వంచి మరీ పెట్టాడు.