ఉలి గాట్లు కలిపిన ఇల్లు

ఛత్తీస్‌గఢ్‌లో, సిల్తారా ఫ్యాక్టరీ షెడ్డులో ఇరవై ఏళ్లు ఇనుము కోసి, అతికించి బతికినవాణ్ని. కర్ర పనంటే నాకు చిన్నచూపు. అందుకే మా షెడ్డులోని ఛత్తీస్‌గఢీ వెల్డరు, ధర్సీవా ఊరి దగ్గర తమ పాత ఇల్లు విప్పాలి, వస్తారా అని అడిగితే, "అదెంత పనయ్యా, ఒక్క పూట!" అనేశాను.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఇల్లు దానికి అడ్డమొచ్చింది. వాళ్లమ్మ పట్టు ఒక్కటే: ఇదే ఇంటిని వెనక పెరట్లో మళ్లీ నిలబెట్టాలి. కొడుక్కి నమ్మకం లేదు. కుదరదని నేనొక్క మాటంటే చాలు, కర్రంతా పొయ్యిలోకే.

పెంకులు దించాం, మట్టిగోడలు రాల్చాం. అబ్బ! గోడలన్నీ పోయినా ఇల్లు కదల్లేదు. టేకు స్తంభాలు, వాటి మీద దూలాలు, మూలమూలకీ ఏటవాలు కర్రలు. గోడలు మోస్తున్నాయనుకున్న బరువంతా ఇన్నేళ్లూ మోసింది ఇవే. ఎంత వెతికినా ఒక్క ఇనుప మేకు దొరకలేదు.

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? మా పనిలో అతికినదాన్ని కోస్తేనే ఊడుతుంది. ఇదీ కోసి, తర్వాత ఇనుప పట్టీలతో కలుపుదామనుకున్నాను. రంపం తీసి మొదటి దూలాన్ని స్తంభం పక్కనే పరపరా కోసేశాను. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో దూలం మీద రంపం ఆనిస్తుంటే, నాతో వచ్చిన శ్రీకాకుళం ఫిట్టరు అరిచాడు.

"ఓలమ్మో! గురూ, ఆగండి! ఇటు సూడండి, మనం షెడ్డులో కొట్టే జత గుర్తులే గదా ఇవి!"

ఏ ముక్క ఏ ముక్కతో కలవాలో తెలియడానికి మేం రెంటి మీదా ఒకే గుర్తు కొడతాం. ఇక్కడా అంతే. స్తంభం మీద ఉలితో రెండు గాట్లు, దూలం కొసన రెండు గాట్లు. ఆ పక్కన మూడూ మూడు. రెంటినీ బిగించిన కర్ర సీలను వెనకనుంచి తడితే జారి నా చేతిలో పడింది. దూలం కొస బెజ్జంలోంచి మెల్లగా బయటికొచ్చింది. విప్పే రోజు కూడా వస్తుందని తెలిసే కట్టాడు మహానుభావుడు! ఎవడో, ఏనాటివాడో. నేను కోసినదాన్ని చూస్తే మాత్రం ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండా పెరట్లో ఇల్లు లేచింది. గాట్లు చూసుకుంటూ కలిపితే అన్నీ తమ చోట్లలో కూర్చున్నాయి, నేను కోసిన దూలం తప్ప. గాటున్న దాని కొస తెగి స్తంభంలోనే ఉండిపోయింది. ఇనుప పట్టీ వేసి, బోల్టులు బిగించి, తలొంచుకుని దిగాను.

ముసలమ్మ ఎదురొచ్చి నా చేతిలో ఉలి పెట్టింది. "ఇహాఁ ఘలో చిన్హా లగా దే, బేటా."

పట్టీ వేసిన చోట కూడా గుర్తు పెట్టమంటోంది. మళ్లీ ఎవరైనా విప్పితే తెలియాలి కదా. నిచ్చెనెక్కి, స్తంభం మీదున్న ఒక్క గాటుకు జతగా దూలం మీదా ఒక్క గాటు పెట్టాను. ఇరవై ఏళ్ల పనిలో కర్ర మీద నేను పెట్టిన మొదటి గుర్తు అదే.