చర్చి కప్పు మీద దూది మంచు

మొన్న డిసెంబరు మొదట్లో మా పాలెం కుర్రాళ్లు కొందరు ఇంటికి వచ్చి, చర్చి ముందు కట్టబోయే స్టేజీకీ దాని పక్కన నిలబెట్టే ప్లాస్టిక్ చెట్టుకూ కలిపి నురగ మంచు డబ్బాలు ఎన్ని పడతాయో లెక్క వేసి చెప్పమన్నారు. మన ఈడు వాళ్లలో కొందరికి ఇది తెలియకపోవచ్చు. సెంటు డబ్బా లాంటిదే, పైన నొక్కితే తెల్లటి నురగ బుస్సుమని వచ్చి అంటుకున్న చోటల్లా మంచు పడ్డట్టు కనిపిస్తుంది, కాసేపటికి కరిగిపోతుంది. ఎత్తూ వెడల్పూ అడిగి, ఒక డబ్బా ఎంత మేరకు వస్తుందో గోడ మీద కొట్టి చూపించమని, లెక్క తేల్చి చెప్పాను. వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక గోడ మీద ఆ తెల్ల మరక తడి తడిగా జారుతుంటే అటు చూడలేక కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాను. మంచు ఎంత కావాలో నన్ను అడగటం ఇది మొదటిసారి కాదు మరి.

నాకు చదువు పెద్దగా అబ్బలేదు. ఏడో తరగతితో బడి మాని, మార్టూరు దారిలో ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర పనికి చేరాను. నాకు వచ్చిన లెక్కలన్నీ అక్కడ పత్తి బోరాలు మోస్తూ, ముల్లు ఎటు ఊగుతోందో చూస్తూ నాకు నేనే నేర్చుకున్నవి. ఎలా అబ్బిందో కానీ, పందిరికి గుడ్డ ఎంత కావాలన్నా, చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందుకు బియ్యం ఎన్ని పొయ్యాలన్నా మా వాళ్లు నన్నే అడిగేవారు, నా మాట తప్పేది కాదు. తప్పని మాట మీద మనిషికి ఎంత మిడిసిపాటు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోతే మా మేనత్త నన్ను పెంచింది. కూలి పనిచేసుకునే మనిషి. పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లేది, చదువు లేదు, కానీ మా పాలెంలో క్రిస్మస్ అంటే మా అత్తే. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్లందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఆవిడ నడుమ నిలబడి పాట అందుకునేది. అది ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నదట. అందులో మరియమ్మ యోసేపుతో కలిసి మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని, దర్శి వైపు నుంచి కోతలకు వలసొచ్చిన కూలి మనిషిలాగే, నొప్పులు పడుతూ ఇల్లిల్లూ అడుగుతుంది. అందరూ చోటు లేదంటారు, చివరికి ఎవరిదో మిరప కల్లంలో గోనె పట్టా మీద ప్రసవిస్తుంది. కల్లం కాపలావాడి పెళ్లాం ఆ తల్లికి బాలింత కాయం నూరి ముద్ద చేసి పెడుతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల వాళ్లు తమ పిల్లల్ని చంకనేసుకుని పసివాణ్ణి చూడటానికి వస్తారు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఆ చూడవచ్చిన పిల్లల పేర్లు ప్రతి ఏడూ మారేవి. ఆ ఏడాది మా పాలెంలో పుట్టిన పిల్లలందరి పేర్లూ ఒక్కొక్కటే పాటలోకి వచ్చేవి, పేరు వచ్చినప్పుడు ఆ తల్లి బిడ్డను పైకెత్తి చూపించేది, అందరూ కేకలు వేసేవారు. చర్చిలో బాప్తిస్మం పెద్దయ్యాక ఎప్పుడో ఇస్తారు. పుట్టిన బిడ్డ మా మనిషి అయ్యేది మాత్రం ఆ పాటలో పేరు పడ్డప్పుడే. పిల్ల మీద ఎవరికైనా కోపం వస్తే, నీ పేరు పాటలో ఎందుకు పడిందే అని తిట్టటం కూడా మాకు అలవాటు.

నాకు కూతురు పుట్టిన ఏడే ఒక కబురు కూడా వచ్చింది. వానల్లో పుట్టింది పిల్ల. అప్పటి నుంచీ మా అత్త దాన్ని ఒళ్లో వేసుకుని, దాని పేరు ఆ చరణంలో ఎట్లా ఇమడ్చాలా అని పాడి పాడి చూసుకునేది. ఆ ఏడు పండక్కి అమెరికాలో ఒక చిన్న ఊరి నుంచి ఒక దొరగారూ దొరసానిగారూ మన చర్చి చూడటానికి వస్తున్నారని మా పాస్టరుగారు చెప్పారు. మేం ఆయన్ను అయ్యగారు అంటాం. ఆ ఊరి చర్చివాళ్లు మాకు ఏటా పాత క్యాలెండర్లు పంపేవారు. వాటిలో ఒక బొమ్మ చర్చి గోడకు వేలాడుతుండేది. ఇళ్ల కప్పుల మీద, చెట్ల మీద, చర్చి మీద దట్టంగా మంచు, కిటికీల్లో పసుపుపచ్చ దీపాలు. అది వాళ్ల ఊరే అని మేమంతా అనుకున్నాం. అది ఏ ఊరని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. వాళ్లకు సొంతూళ్లో పండగ చేసుకున్నట్టు ఉండాలని అయ్యగారు అన్నారు, పెద్దలు సరేనన్నారు, చర్చి కప్పు మొత్తానికి దూది ఎంత పడుతుందో లెక్క కట్టమని నాకు అప్పజెప్పారు.

కప్పును పరుపులుగా కొలిచాను. ఒక పరుపుకు ఇంత దూది, ఈ కప్పు మీద ఇన్ని పరుపులు పరవచ్చు, మంచుకు అంత మందం అక్కర్లేదు కాబట్టి దానిలో ఇన్నో వంతు. మిల్లులో యజమానిని బతిమాలి, కింద ఊడ్చిన చెత్త దూది తెచ్చాం. అది తెల్లగా ఎక్కడుంది, ఆకు నలక, పసుపు చారలు. గాలికి ఎగరకుండా చీరాల తీరం నుంచి పాత చేపల వలలు తెచ్చి పైన కప్పాం. ఆ బండిలోనే క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టటానికి సరుగుడు చెట్టు కూడా వచ్చింది. లెక్క సరిగ్గా సరిపోయింది, పిడికెడు మిగల్లేదు, తగ్గలేదు.

కింద నిలబడి చూస్తున్న ఆడవాళ్లు ఊరుకుంటారా.

"ఏందిరా, చర్చికి దూది కప్పుతున్నారు, దానికేమన్నా చలేస్తందా?" అంది మా అత్త.

"మంచంట వదినా, మంచు," అంది పక్కింటావిడ.

"మంచా! మంచు పడితే మన మిరపపూత రాలిపోద్ది గదంటే. దాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా ఎవరన్నా?"

"చేపల కంపు కొడతందే తల్లీ ఈ మంచు," అని ఇంకొకావిడ ముక్కు మూసుకుంది. నవ్వులే నవ్వులు. పైన ఉన్న నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

పండుగ ఇంకా రెండు రోజులుందనగా అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. ఈసారి కుర్రాళ్లు ఇంగ్లీషు పాటలు నేర్చుకున్నారు, వచ్చినవాళ్లకు మన చప్పట్ల పాట మోటుగా ఉంటుందేమో, కల్లంలో ప్రసవం, కాయం ముద్ద అవన్నీ ఏం బాగుంటాయి, మీ అత్తే కదా, నువ్వయితే ఆవిడ నొచ్చుకోకుండా చెబుతావు అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మా అందరి మనసులోనూ ఉన్న మాటే ఆయన నోట వచ్చింది. క్యాలెండరు బొమ్మ పక్కన మా అత్త చీరకుచ్చిళ్లు దోపుకుని చప్పట్లు కొట్టటం తలుచుకుంటే నాకూ తల వంపులుగానే అనిపించింది.

ఇంటికి వెళ్లి చెప్పాను. పిల్లకు నూనె రాస్తున్న మనిషి చెయ్యి ఆపలేదు.

"వాళ్లకి అర్థం గాదంటనా?"

"అవునత్తా."

"అర్థం గాకపోతే జెప్పటానికి అయ్యగారున్నాడు గదరా." పిల్లను బోర్లా తిప్పి వీపుకు నూనె అద్దింది. "మరి పిల్ల పేరో?"

"వచ్చే ఏడు పాడుదువుగానిలే."

"వచ్చే ఏటికి వచ్చే ఏటి పిల్లలుంటార్రా అబ్బాయ్," అంది. అంతే. ఆ తర్వాత పిల్ల కాళ్లు సాగదీస్తూ ఎప్పటిలాగే దాంతో కబుర్లు చెప్పింది.

పండుగ రోజు వాళ్లు వచ్చారు. దొరసానిగారికి మంగళగిరి చీర కప్పాం, దొరగారికి కండువా వేశాం. కుర్రాళ్లు తమకే అర్థం కాని పాటలు గట్టిగా పాడారు. ఆరాధన అయ్యి బయటికి వచ్చాక దొరసానిగారు కప్పు చూరు దగ్గర ఆగి, వల కన్నంలోంచి జారిన దూది ముక్కను అందుకున్నారు. రెండు చేతుల బొటనవేళ్ల మధ్య ఆ దూదిని పట్టుకుని మెల్లగా సాగదీసి, పోగు పొడవు చూసుకున్నారు. మిల్లుకు సరుకు వస్తే మేం చేసే పని అది, పత్తి పండించే వాళ్లు చేసే పని. తర్వాత అయ్యగారితో ఏదో అన్నారు. ఆయన మొహం పాలిపోయింది. చెప్పండయ్యా అని వెనక నుంచి ఎవరో అంటే, ఎటో చూస్తూ చెప్పారు.

"వీళ్లూర్లో మంచు పడదంట. వీళ్లదీ పత్తి ఊరేనంట. మంచి దూది చూరు మీద ఎందుకు పెట్టారు, వాన వస్తే పాడైపోదా అంటున్నారు."

అందరం తలలెత్తి చూరు కేసి చూశాం. దొరసానిగారు మాత్రం ఉత్సాహంగా చెబుతూనే ఉన్నారు. వాళ్ల ఊళ్లో పండుగకు ఇంటింటి నుంచి ఒక్కో వంటకం చర్చి హాలుకు తెచ్చుకుని అందరూ కలిసి తింటారట, ఆ తర్వాత పత్తి తీసిన ముసలమ్మలు పాత పాటలు పాడతారట, అవి విననిదే అక్కడ పండుగ చేసుకున్నట్టు కాదట. మీ ముసలమ్మల పాట ఒకటి వినాలని ఇంత దూరం వచ్చామని అన్నారు.

అందరి తలలూ ఒక్కసారే వెనక్కి తిరిగాయి. మా అత్త పందిరి రాటకు ఆనుకుని, నా కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అయ్యగారు దగ్గరకు వెళ్లి, చేతులు జోడించినంత పని చేసి, పాడమ్మా అన్నారు.

"గొంతు పోయిందయ్యా," అంది.

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నీళ్లు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. ఆడవాళ్లు కొందరు గుండ్రంగా నిలబడబోయి ఆగిపోయారు. దొరసానిగారికి ఏమీ తెలియదు కాబట్టి, పాపం జలుబు చేసిందేమో అనుకుని వచ్చి మా అత్త చెయ్యి పట్టుకున్నారు. మా అత్త ఆవిడ చేతిని తిప్పి, అరచెయ్యి చూసి, నీదీ పత్తి చెయ్యేనే తల్లీ అని నవ్వింది. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పటానికి అయ్యగారికి ధైర్యం చాలలేదు.

ఆ మరుసటి ఏడు, ఆ పై ఏడు కూడా అయ్యగారు స్వయంగా ఇంటికి వచ్చి పాడమని అడిగారు. నేనూ అడిగాను. ప్రతిసారీ గొంతు పోయిందనే అంది. ఆవిడ మానేస్తే ఇంకెవరైనా అందుకుంటారని అనుకున్నాం. కానీ పేర్లు ఎక్కడ వస్తాయో, ఎట్లా ఇముడుతాయో ఆవిడకే తెలుసు. చప్పట్లు మాత్రం ఒకటి రెండేళ్లు కొట్టి అవీ మానేశారు.

దొరలు వచ్చి వెళ్లిన రెండు నెలలకు అనుకుంటాను, మిరప మొదటి కోత నడుస్తోంది. మిల్లు పని మీద ఆ దారిన వెళుతూ సైకిలు గట్టున పెట్టి చేలోకి దిగాను. మొక్కలు నడుము ఎత్తు ఉన్నాయి, కోత కూలీలు ముందు సాళ్లలోకి వెళ్లిపోయారు, వెనకపడ్డ మనిషి ఒక్కతే వంగి కోసుకుంటోంది, కనిపించలేదు గానీ గొంతు వినిపించింది. మా అత్త గొంతే. ఎక్కడా పోలేదు, ఎండలో ఖంగున మోగుతోంది. పసివాణ్ణి చూడటానికి పిల్లలు వచ్చే చరణం అది. ఆ ఏడు పుట్టిన పిల్లలందరూ ఒక్కొక్కరే వచ్చారు, సాలెల పేట నుంచి మా పాలెం కోడలిగా వచ్చినావిడ కవలలు కూడా వచ్చారు, అందరి తర్వాత నా కూతురు వచ్చింది. వానలో పుట్టిన పిల్ల తడవకుండా మా అత్త కొంగులోనే దాక్కుని వచ్చిందట. పేరు ఎంత చక్కగా ఇమిడిందంటే, అది ఆ పాట కోసమే పెట్టినట్టుంది.

ఇంకొంచెం విందామని రెండడుగులు వేశాను. మొక్కలు కదిలాయి. ఆవిడ తల ఎత్తి చూసి, పాట అక్కడే ఆపేసింది.

"పాడత్తా," అన్నాను.

"ఏం పాట్రా? పక్కకి జరుగు, కాయ దొక్కుతున్నావు," అని మళ్లీ వంగింది.

మా అత్త పోయి చాలాకాలం అయింది. ఆ పాతచర్చి తీసేసి స్లాబు వేసిన చర్చి కట్టుకున్నాం, కింద పరిచిన మార్టూరు గ్రానైటు రాయి అద్దంలా మెరుస్తుంది, ఎవరో ఇచ్చిన పెద్ద తెర ఒకటి గోడకు పెట్టారు. ఇప్పుడు క్రిస్మస్‌కు ఆ ఏడు పుట్టిన పిల్లల ఫొటోలు, పేర్లు ఆ తెర మీద వేస్తారు. ఒక్క పేరు తప్పిపోదు, అందరూ చప్పట్లు కొడతారు, కుర్చీల్లో కూర్చునే కొడతారు. ఆ పిల్లల్ని మొన్న నేను కూడా చూశాను. వాళ్లు ఎవరి పిల్లలో సగం మందిని గుర్తుపట్టలేకపోయాను.

వాళ్లలో నా మనవడు కూడా ఉన్నాడు. వాడి ఫొటో పడగానే నా కూతురు ఫోనుతో తీసుకుని, కళ్లు తుడుచుకుని, ఎంత బాగుందో కదా నాన్నా, నేను పుట్టిన ఏడు నా పేరు కూడా ఇట్లా వేశారా అని అడిగింది.

లేదమ్మా, అప్పుడు తెరలు లేవు అన్నాను. ఆ మాటలో తప్పేమీ లేదు, ఎట్లా లెక్క చూసుకున్నా నిజమే. అది నా పక్కనే కూర్చుని, పాపం అని నా చెయ్యి నొక్కింది.