వదిన ఆపనివ్వని సెషన్

మా వదిన చెవి మిషన్లు తయారుచేసే చిన్న సంస్థలో ప్రోగ్రామర్. అక్కడే ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల వివరాలు రాసుకోవడం నా పని. ఇంట్లో ఆడపడుచునని పెత్తనం చేస్తాను గానీ, ఆఫీసులో ఆవిడ దగ్గర నా పప్పులుడకవు.

ప్రోగ్రామంతా రాసేసి తర్వాత పరీక్షించడం ఆవిడకు గిట్టదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కో లైను రాసి అప్పటికప్పుడు నడిపించి, "ఇప్పుడెలా ఉంది బాబాయిగారూ?" అని అడుగుతుంది. జవాబునుబట్టి శబ్దం హెచ్చుతగ్గుల అంకె మారుస్తుంది. ఆ అంకెలు ఫైల్లో దాచమంటే మాత్రం "చివర్లో దాస్తాలే" అంటుంది. అదే ఆవిడతో వచ్చిన తంటా.

ఆ రోజు వచ్చిన పెద్దాయన ఒకప్పుడు టైలరు. రెండుచోట్ల చెవి మిషన్ పెట్టించుకుని, గోల భరించలేక తీసేశాడు. ఇదే ఆఖరని చెప్పే భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మూడు గంటలు ఓపిగ్గా కూర్చున్నాక, తెరమీద వదిన లైన్లు రాసే ఎడిటర్ బిగుసుకుపోయింది. ఏం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

పెద్దాయన లేచాడు. "పోనీలేమ్మా, నాకు రాసిపెట్టి లేదు. మళ్లీ మొదట్నుంచంటే నావల్ల కాదు."

కంప్యూటర్ ఆపి మళ్లీ వేద్దామని స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ముట్టుకున్నావంటే చంపేస్తా! బిగుసుకుంది ఎడిటరే. అది లైను పంపి, జవాబు తెచ్చి చూపిస్తుంది, అంతే. లెక్కలు చేసే సెషన్ వెనకాల వేరే నడుస్తోంది. అంకెలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. కంప్యూటర్ ఆపితే అవీ పోతాయి," అంది వదిన.

సెషన్ మొదలవగానే తన పోర్టు నంబరును, అంటే తన తలుపు నంబరును, చిన్న ఫైల్లో రాసిపెడుతుందట. ఆ నంబరు తెలిస్తే ఏ ఎడిటరైనా వెళ్లి తలుపు తట్టొచ్చు. పెద్దాయన్ని కూర్చోమని సైగచేసి, వదిన ఇంకో ఎడిటర్ తెరిచి, ఆ నంబరిచ్చి, అంకెలకు తను పెట్టిన పేరు టైపు చేసింది. ఒక్క క్షణం ఏమీ రాలేదు. తర్వాత వరసగా అన్నీ వచ్చాయి. ఈసారి ముందు ఫైల్లో దాచింది. తిడదామనుకున్నదాన్ని, ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను.

అంకెలు ఎక్కించిన మిషన్ పెద్దాయన చెవికి పెట్టింది. ఆయన భార్య అలవాటుగా వంగి, "ఇంటికి వెళ్దామా?" అని అరిచింది.

"అరవకే. మామూలుగా మాట్లాడు, వినిపిస్తోంది."

"ఏం మాట్లాడను?" అంది ఆవిడ నెమ్మదిగా.

"ఏదో ఒకటి. నీ అరుపే గానీ, నీ గొంతు విని తొమ్మిదేళ్లయింది."