డేవిడ్ మావ ప్రార్థనలో వెలిగిన స్పీకరు

మీరందరూ చిన్నతనంలో ఏవో వెధవ పనులు చేసే ఉంటారు. పెళ్ళిలో పప్పు ఒలకబోసి ఉంటారు, ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరికి ఇచ్చి ఉంటారు. వాటికి సిగ్గుపడకండి. శవం ముందు రంగుల లైట్లు ఆడించిన మహానుభావుణ్ణి నేనుండగా మీకెందుకు సిగ్గు?

రెండువేల పద్నాలుగు, పదిహేను ప్రాంతంలో సంగతి. నాకు ఇరవై నాలుగేళ్ళు. సాలూరు మెయిన్ రోడ్డు మీద లారీలకి హారన్లు, ఆడియో సెట్లు, లైట్లు బిగించే దుకాణం నాది. అప్పట్లో డ్రైవర్లకి కొత్త పిచ్చి పట్టింది. క్యాబిన్లో స్పీకరు చుట్టూ ఉంగరంలా అతికించే ఎల్ఈడీ లైట్ల కిట్టు. టైరు అరిగినా పరవాలేదు గానీ స్పీకరు వెలగాలి.

అందులో రెండు రకాలు. విజయనగరం కిట్టు నీలంగా, నిలకడగా వెలుగుతుంది, దానికి స్విచ్చు ఉంటుంది. రాయపూర్ కిట్టుకి స్విచ్చూ గిచ్చూ లేదు. చుట్టుపక్కల చప్పుడు విని, దానికి తగ్గట్టు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మార్చుకుంటూ గంతులేస్తుంది.

రాయపూర్ కిట్టు తెచ్చినవాడు డేవిడ్ మావ. మా నాన్న స్నేహితుడు, ముప్పై ఏళ్ళుగా లారీ డ్రైవరు. నాన్న పోయాక నా చేతికి టెస్టరు ఇచ్చి వైరింగు నేర్పినవాడు.

"ఇది సూడ్రా సూరిగా, పాటకి ఎలాగ ఎగురుతాదో!" అన్నాడు.

"ఎగిరితే నిద్దరొచ్చే డ్రైవరు కళ్ళు సెదిరిపోవా మావా? నీలమే మేలు."

"నీకేటి తెలుసు? నీ కొట్లో స్పీకరు బాక్సులున్నాయి గదా, ఒకదానికి అదీ, ఒకదానికి ఇదీ ఎయ్యి. పందెం! ట్రిప్పునుంచొచ్చి తేల్సేద్దుం."

వేశాను. మావ ట్రిప్పునుంచి వచ్చాడు గానీ, ఇంటి మెట్టు మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన. వాన. కరెంటు లేదు. మావ బావమరిది యాకోబు, సొంత లారీ ఉన్న మనిషి, వానలో తడుస్తూ దుకాణానికి వచ్చాడు. "ఒరే, సర్చిలో మైకు పన్సెయ్యట్నేదు. నీ బాక్సులు అట్టుకురా. బేటరీ మీద నడుస్తాయి గదా?"

సరేనని బాక్సులు రెండూ సర్దాను. మావకి ఇక నేను చేయగలిగింది అదొక్కటే. పాస్టరుగారి మాట చివరి బెంచీదాకా వినపడాలి, మావ మర్యాదగా వెళ్ళాలి. అంతే నాకు కావలసింది.

బాక్సులు చర్చిలో పెట్టి విజయనగరం కిట్టు స్విచ్చు ఆపాను. నీలం ఆరిపోయింది. రాయపూర్ కిట్టు వైపు చూశాను. చీకటి. హమ్మయ్య, రెండూ ఆరిపోయాయి అనుకున్నాను. దగ్గర్లో గట్టి చప్పుడు లేకపోతే అది చీకటిగానే ఉంటుందన్న జ్ఞానం, అమ్మేవాణ్ణి, నాకు ఉండొద్దూ?

ఒక్కసారి "హలో హలో" అని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. అనబోయాను కూడా. యాకోబు నా చెయ్యి పట్టుకుని చెవిలో గొణిగాడు. "సావుకాడ హలో హలో ఏట్రా? బుద్ధుందా?" నిజమే కదా అనిపించింది. గౌరవంగా నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను గౌరవం చూపించిన సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి.

పాస్టరుగారు మొదలుపెట్టారు. "ప్రియ సహోదరులారా..."

ఆకుపచ్చ.

మెరుపేమో అనుకున్నాను. మెరుపు ఆకుపచ్చగా ఉండదని అర్థమయ్యేలోపు ఆయన "మన డేవిడ్ ప్రభువునందు నిద్రించాడు" అన్నారు. ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. పెట్టెలో పడుకున్న మావ మొహం మీద ఆ రంగులన్నీ పడ్డాయి. జనం చటుక్కున ఊపిరి పీల్చారు. బాక్సుకి వీపు పెట్టి నిలబడ్డ పాస్టరుగారు తన మాటలకి జనం కదిలిపోతున్నారనుకుని గొంతు పెంచారు. దాంతో లైట్లు చెలరేగాయి.

వంగి వంగి వెళ్ళి తువ్వాలు కప్పాను. పలచటి తువ్వాలు లోపలనుంచి వెలిగి పెళ్ళి పందిరిలా తయారైంది. కీర్తన అందుకున్నారు. ఇక అడక్కండి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దవాళ్ళు పమిట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. అడుసు తొక్కనేల, అందులో బల్బు పెట్టనేల!

"ఆపరా!" యాకోబు పళ్ళు కొరికాడు.

"ఆపుతన్నాను యాకోబు మావా!"

చేతికందిన వైరు పీకేశాను. అది స్పీకరు వైరు. శబ్దం చచ్చిపోయింది, లైటు బతికే ఉంది. సరిగ్గా అప్పుడే మావ భార్య మరియమ్మత్త పెట్టె మీద పడి ఏడ్చింది. మైకు లేని ఆ ఒంటరి ఏడుపుని ఆ దరిద్రపు కిట్టు శ్రద్ధగా విని, వెక్కు వెక్కుకీ రంగు మార్చింది.

అత్త తలెత్తి చూసింది. ఏడుపు ఆపింది. లైటు ఆరిపోయింది.

"నా ఏడుపుకి రంగులు కట్టినావేట్రా?" అంది.

ఆ మాటకి కూడా వెలిగింది.

యాకోబు నన్ను కాలరు పట్టుకుని వానలోకి నెట్టాడు. మావని మట్టిలోకి దింపేటప్పుడు నేను శ్మశానం గోడ బయటే నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. ఇప్పటికీ నాకు అదే బాధ.

ఐదో రోజు యాకోబు దుకాణానికి వచ్చాడు. కొట్టడానికే అనుకుని స్టూలు వెనక్కి నక్కాను.

"ఒరే సూరిగా, ఆ దినం ఎడం బాక్సుకి ఎగిరింది సూడు..." గొంతు తగ్గించాడు. "ఆ కిట్టు నా లారీకి ఎయ్యి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ అడిగినవాడు కాలిన ఇంటివాడే! అతని తర్వాత మరో నలుగురు వచ్చారు. అందరూ ఒకటే పేరు పెట్టి అడిగారు, డేవిడ్ లైటు. ఎవరికీ అమ్మలేదు. మావ పందెం గెలిచాడు, వినడానికే లేడు.

కాబట్టి పాఠక మహాశయులారా, మా సాలూరు ఘాట్ రోడ్డెక్కే లారీలన్నీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్పవాడి చావైనా సరే, శవం లేచి కసురుకున్నా సరే, నేను మైకు పెడితే ముందుగా "హలో హలో" అనే తీరుతాను.

ప్రమాణమైతే చేశాను గానీ, నిలబెట్టుకునే అవకాశమే రాలేదు. మావ సంవత్సరం ప్రార్థనకి అత్త అసలు మైకే వద్దంది. చివరి బెంచీలో కూర్చున్న నాకు మావ గురించి చెప్పిన మాటల్లో ఒక్కటీ వినపడలేదు.